పేరు కోరమాండల్, ఊరు చైనా

కోరమాండల్ అనగానే మనకు హౌరా నుంచి చెన్నై పోయే రైలు గుర్తొస్తుంది. రైతుకైతే ఎరువుల బస్తా. పారిస్‌లోనో లండన్‌లోనో పాతసామాన్ల వేలానికి వెళ్లేవాళ్లకు మాత్రం ఆ మాట వింటే మనిషెత్తుకు మించిన మడత తెర కళ్లముందు నిలుస్తుంది. సాధారణంగా పన్నెండు పలకలు. నల్లటి నిగనిగలో చెక్కిన రంగురంగుల మేడలు, దొరసానులు, కొంగలు. పేరు మన తూర్పు తీరానిదే గానీ, అందులో ఒక్క చెక్కముక్క కూడా ఇక్కడ చేసింది కాదు.

ఆ మాటకొస్తే ఆ నల్లటి పూతకున్న ‘లాకర్’ అన్న పేరు కూడా మన దేశం నుంచి పోయిందే. సంస్కృతంలో లాక్ష, మనకు లక్క. ఏటికొప్పాక బొమ్మలకు పట్టించేది అదే, పురుగు పెట్టే లక్క. చైనావాళ్లు వాడేది అది కాదు, ఒక చెట్టు పాలు. ఆ చెట్టు మామిడికీ జీడికీ చుట్టమే. మామిడి సొన తగిలి మూతి పొక్కినవాళ్లకు, బట్టల మీద చాకలి పెట్టే నల్లజీడి గుర్తు ఎన్ని ఉతుకులకూ పోకపోవడం చూసినవాళ్లకు దాని గుణం వేరే చెప్పక్కర్లేదు. పచ్చిపాలు తగిలితే ఒళ్లంతా దద్దుర్లు. ఒకసారి గట్టిపడితే నీళ్లకూ పురుగుకూ లొంగదు. విచిత్రమేమిటంటే ఆ పూత గట్టిపడటానికి ఎండ పనికిరాదు, తేమగాలి కావాలి. అందుకే ఒక్కో పూతకూ రోజుల తరబడి ఓపిక పట్టాలి.

కోరమాండల్ పని చైనా లాకర్ పనుల్లో ఒక రకం. చెక్క మీద మెత్తటి మట్టిపొడి కలిపిన మందపాటి పూత వేస్తారు. దాని మీద నల్లటి లాకర్ పట్టిస్తారు. ఆ పైపొరను ఉలితో తవ్వి, కింది పూత బయటపడ్డ చోట రంగులు నింపుతారు. దీన్ని చైనీయులు ‘క్వాన్‌త్సాయ్’ అంటారు. 17వ శతాబ్ది రెండో సగంలో, కాంగ్‌షీ చక్రవర్తి రోజుల్లో, ఈ పని బాగా సాగింది. మొదట ఇవి దొరల కోసం చేసినవి కావు. పెద్ద అధికారికి పుట్టినరోజు వచ్చిందంటే బంధువులూ కింది ఉద్యోగులూ కలిసి ఇలాంటి తెర చేయించి ఇచ్చేవారు. ముందువైపు, తాంగ్ కాలపు సేనాని గువో జియీకి జరిగిన పుట్టినరోజు వేడుక. వెనకవైపు శుభాకాంక్షలు, ఇచ్చినవాళ్ల పేర్లు. మన పెళ్లిళ్లలో స్టీలు బిందె మీద పేరు చెక్కించి ఇచ్చినట్టే.

ఆ తెరలు ఓడలెక్కి ఐరోపా దారి పట్టాయి. మన తీరంలో నేసి, రంగులద్దిన బట్టలు జావా దీవికి పోయేవి. అక్కడి బాంటమ్ రేవులో చైనా ఓడలు సరుకు దించేవి. దాన్ని ఈస్టిండియా కంపెనీల ఓడలు ఎత్తుకుని, కోరమాండల్ రేవుల మీదుగా ఇంటికి చేర్చేవి. అందుకే ఇంగ్లండులో ఈ తెరలను మొదట ‘బాంటమ్ పని’ అన్నారు. కోరమాండల్ పేరు ఆ తర్వాత అతుక్కుంది. మరికొందరు తూర్పు నుంచి వచ్చిన సరుకంతా ‘ఇండియా’ సరుకే అన్నారు. లాకర్ పూతకు ‘జపాన్’ అనీ పేరు పెట్టారు. ‘చైనా’ అన్న మాట మాత్రం పింగాణీకి పోయింది. సరుకుకు పుట్టిల్లు ఎక్కడైనా, పేరు పెట్టేది కొట్టువాడే.

తెర ఇంటికి చేరాక మొదలైంది అసలు కథ. దొరలకు తెర కంటే బీరువాలూ అద్దాల చట్రాలూ ముఖ్యం. వడ్రంగులు తెరలను రంపంతో కోసి, ఆ ముక్కలను బీరువాలకు అతికించారు. 1688లో వార్నిష్ పని మీద పుస్తకం రాసిన స్టాకర్, పార్కర్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్లు దీన్ని ఎగతాళి చేశారు. మనుషులు తలకిందులు, చెట్లు అడ్డదిడ్డం, అయినా కొనేవాళ్లకు పట్టడం లేదని వాళ్ల ఫిర్యాదు. పుట్టినరోజు దీవెన బీరువా తలుపు మీద తిరగబడి నిలబడిందన్నమాట!

కోసే వడ్రంగులకూ దిగుమతి మీద కడుపుమంట ఉండేది. 1700 ప్రాంతంలో లండన్ వడ్రంగుల సంఘం మొరపెట్టుకుంటూ, నాలుగేళ్లలో తూర్పు నుంచి 244 బీరువాలు, 6,582 టీ బల్లలు, 52 తెరలు దిగాయని లెక్క చూపింది. డచ్చి రాచకుటుంబానికి చెందిన అల్బర్టీన్ ఆగ్నెస్ ఈ తెరల మోజులో ఇంకా ముందుకెళ్లింది. లేవార్డెన్ మహల్లో ఒక గది గోడలన్నిటికీ ఈ పలకలే తాపించింది. ఆ గది ఇప్పుడు ఆంస్టర్‌డాంలోని రైక్స్ మ్యూజియంలో ఉంది. పారిస్‌లో బెర్నార్డ్ వాన్ రిసెన్‌బర్గ్ లాంటి పనివాళ్లు లాకర్‌ను కాగితమంత పలచగా చెక్కి, వంపుల సొరుగుబల్లలకు తొడిగారు. వాటి విలాసమంతా ఆ తొడుగులోనే.

20వ శతాబ్దిలో ఫ్యాషన్ దొరసాని కోకో షనెల్ ఈ తెరల మీద మనసు పారేసుకుని, పారిస్‌లోని తన ఇంటి నిండా నింపుకుంది. 2007లో ఆమె కంపెనీ ఒక సెంటుకు కోరమాండల్ అని పేరు పెట్టింది. అందులో గట్టిగా ముక్కుకు తగిలేది పచౌలీ ఆకు వాసన. అది ఎక్కువగా పండేది ఇండోనేషియాలో, అంటే మళ్లీ ఆ బాంటమ్ వైపే.