లక్షద్వీప్ భౌగోళికము

లక్షద్వీప్ అరేబియా సముద్రములో, కేరళ తీరానికి సుమారు 200 నుండి 440 కిలోమీటర్ల దూరంలో ఉన్న పగడపు దీవుల సముదాయము. భారతదేశపు కేంద్రపాలిత ప్రాంతాలలో ఇది అన్నిటికంటే చిన్నది. 1956లో ఏర్పడిన ఈ ప్రాంతానికి 1973లో ప్రస్తుత నామము వచ్చినది. పాలనా కేంద్రము కవరత్తి. పేరులో లక్ష ఉన్నప్పటికీ దీవులు 36 మాత్రమేనని లెక్క. వాటిలో జనావాసమున్నవి పది. మొత్తము భూభాగము 32 చదరపు కిలోమీటర్లు.

నిర్మాణము

అండమాన్ దీవులవలె ఇక్కడ కొండలు లేవు. పగడపు జీవుల సున్నపు అస్థిపంజరాలు యుగాల తరబడి పేరుకొనగా ఏర్పడిన వలయాకారపు దిబ్బలపై ఈ దీవులు నిలిచి ఉన్నవి. నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తు మాత్రమే. సాధారణముగా దీవి వలయానికి తూర్పు అంచున ఉంటుంది. పడమట లగూన్ అనబడే లోతు తక్కువ మడుగు ఉంటుంది. నైరుతి ఋతుపవనాల కాలంలో వచ్చే పెద్ద అలలు వెలుపలి దిబ్బకు తగిలి విరిగిపోతాయి. కొబ్బరి చెట్లు నిండిన ఒడ్డున నిలిచి చూస్తే ముందు లేత ఆకుపచ్చ మడుగు, దాని అంచున తెల్లని నురుగు గీత, ఆవల ముదురు నీలి సముద్రము కనిపిస్తాయి. అంద్రోత్ దీవికి మాత్రము చెప్పుకోదగ్గ లగూన్ లేదు.

దక్షిణపు కొసన ఉన్న మినికాయ్‌ని తొమ్మిది డిగ్రీల జలమార్గము మిగిలిన దీవులనుండి వేరు చేస్తున్నది. ఇక్కడి దీపస్తంభము 1885 నాటిది. ప్రజల భాష మహల్, మాల్దీవుల భాషకు చెందినది. ఇతర దీవులలో మలయాళ మాండలికము వాడుకలో ఉన్నది.

మంచినీరు

నదులు, వాగులు లేవు. ఇసుకలోకి ఇంకిన వాననీరు ఉప్పునీటిపై పలుచని పొరగా తేలుతూ బావులకు అందుతుంది. ఎక్కువగా తోడితే బావి ఉప్పబారుతుంది. అందువలన 2005లో కవరత్తిలో, ఉపరితలపు వెచ్చని నీటికీ లోతులోని చల్లని నీటికీ ఉన్న ఉష్ణోగ్రతా భేదము ఆధారంగా రోజుకు లక్ష లీటర్ల మంచినీరు తయారుచేసే కర్మాగారము నెలకొల్పారు.

కోత

బంగారం వలయములోని పరాలి-1 అనే నిర్జన దీవి 1968లో 0.032 చదరపు కిలోమీటర్లు ఉండేది. అది పూర్తిగా కోతకు గురై అదృశ్యమైనట్లు 2017లో వెల్లడైనది. 36 అనే లెక్క మాత్రము పుస్తకాలలో అలాగే మిగిలింది. 1998, 2010, 2016 సంవత్సరాలలో సముద్రజలము వేడెక్కి పగడాలు తెల్లబారి చాలావరకు చనిపోయాయి. దిబ్బ క్షీణిస్తే అలలు విరగకుండానే ఒడ్డును తాకుతాయి.