పళ్లు చూసి వయసు చెప్పలేని బెల్ట్

ఈ ఎపిసోడ్‌లో డీజిల్ కారు టైమింగ్ బెల్ట్ చరిత్ర చెప్పుకుందాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొనాలనుకునేవాళ్లు చివరిదాకా చూడండి. ఇది తెగితే ఇంజిన్ విప్పాల్సిందే.

దీని పనేంటి? ఇంజిన్‌లో కింద క్రాంక్ తిరుగుతుంది, పిస్టన్లు పైకీ కిందికీ ఆడతాయి. పైన క్యామ్ తిరిగి వాల్వులను తెరుస్తుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగేలోపు క్యామ్ సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. ఈ లెక్క తప్పకుండా చూసేదే టైమింగ్.

మన ఊళ్లకు డీజిల్ ముందు కారులో రాలేదు. లారీలో, ట్రాక్టర్‌లో, బావి కాడి ఆయిల్ ఇంజిన్‌లో వచ్చింది. ట్రాక్టర్లలో ఈ పని చేసేవి ఇనుప గేర్లు. 1980 ప్రాంతంలో వచ్చిన డీజిల్ అంబాసిడర్‌లో చైన్. రెండూ ఆయిల్‌లోనే తిరుగుతాయి, అరిగితే ముందు చప్పుడు చేస్తాయి. "చప్పుడొస్తే చూద్దాంలే" అనే అలవాటు అక్కడిదే. ఆ బండ్లకు అది సరిపోయింది.

ఇక జర్మనీకి వద్దాం. 1962లో గ్లాస్ అనే కంపెనీ తన ఎస్ 1004 కారులో పళ్లున్న రబ్బరు బెల్ట్ పెట్టింది. తేలిక, ఖర్చు తక్కువ, చప్పుడు లేదు, ఆయిల్ అక్కర్లేదు. 1976లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ డీజిల్‌కూ బెల్టే. మన దేశంలో 1998 డిసెంబర్ 30న టాటా ఇండికా విడుదలైంది. దాని 1405 సీసీ డీజిల్ ఇంజిన్‌కూ బెల్టే. తర్వాత ఊరూరా ట్యాక్సీ అంటే ఇండికానే అయింది.

ఇంజిన్ మారింది, అలవాటు మారలేదు. అసలు చిక్కు ఇదే.

డీజిల్ ఇంజిన్ గాలిని బాగా నొక్కుతుంది. అందుకే పిస్టన్ పైకొచ్చినప్పుడు వాల్వుకూ దానికీ మధ్య సందు చాలా తక్కువ. బెల్ట్ తెగితే క్యామ్ ఆగుతుంది, తెరిచి ఉన్న వాల్వులను పిస్టన్ గుద్దేస్తుంది. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర బండి టక్కున ఆగిందనుకోండి, మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. నష్టం పెరుగుతుంది.

పెబ్బేరు సంతలో ఎద్దు పళ్లు చూసి వయసు చెప్తారు. బెల్ట్‌కీ పళ్లుంటాయి గానీ, చూసి చెప్పలేం. బండి నిలబడి ఉన్నా వేడికి, ఏళ్లకు రబ్బరు పాతబడుతుంది. అందుకే మాన్యువల్‌లో కిలోమీటర్లూ, ఏళ్లూ రెండూ రాస్తారు. ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. పాత ఓనర్ దగ్గర బిల్లు లేకపోతే కొన్న వెంటనే మార్చండి. టెన్షనర్, బేరింగులు కూడా కొత్తవే వేయించండి. మార్కులు కలిపాక, స్టార్ట్ చేసే ముందు, క్రాంక్‌ను స్పానర్‌తో చేత్తోనే రెండు చుట్లు తిప్పి మార్కులు మళ్లీ చూడమనండి.

అన్ని డీజిల్ కార్లకూ బెల్ట్ ఉండదు. 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిల్‌కు చైన్, 2012 డస్టర్ డీజిల్‌కు బెల్ట్. బేరం ఆడేముందు అడగాల్సిన మొదటి మాట: "అన్నా, బెల్టా చైనా? బెల్టయితే ఎప్పుడు మార్చినవ్?"

మీ బండికి ఏముందో కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.