బలి కంటే ముందు బాకీ

ప్రాచీన జాతులెన్నింటిలోనో జంతుబలి ఆచారం ఉండేది. దేవుడి కోపం చల్లార్చడానికి బలి ఇస్తారని మనం సాధారణంగా అనుకుంటాం. కాని యూదుల ధర్మగ్రంథమైన హెబ్రీ బైబిల్‌ను, అందులో ముఖ్యంగా లేవీయకాండాన్ని నిదానంగా చదివితే మరికొన్ని సంగతులు తెలుస్తాయి.

ఆ గ్రంథం ఐదు రకాల అర్పణలను చెబుతుంది. అవి దహనబలి, నైవేద్యం, సమాధానబలి, పాపపరిహారార్థబలి, అపరాధపరిహారార్థబలి. వీటిలో నైవేద్యం పిండితో చేసేది. సమాధానబలి మాంసాన్ని అర్పించినవారు కూడా భుజించేవారు.

పాపపరిహారార్థబలి ముఖ్యంగా తెలియక చేసిన తప్పులకు ఉద్దేశించింది. దేవుణ్ణి ధిక్కరించి కావాలని చేసిన పాపానికి ఇది వర్తించదని సంఖ్యాకాండం స్పష్టం చేస్తుంది. ప్రధాన యాజకుడు తప్పు చేస్తే కోడెదూడను, అధికారి అయితే మేకపోతును, సామాన్యుడైతే ఆడమేకను తేవాలి. కొన్ని తప్పుల విషయంలో స్తోమత లేనివాడు రెండు గువ్వలు తెస్తే చాలు. అదీ చేతకాకపోతే కొద్దిపాటి గోధుమపిండి చాలు. పేదవాడికి కూడా ప్రాయశ్చిత్తం అందుబాటులో ఉండాలన్నదే ఈ ఏర్పాటు.

మరి రక్తం ఎందుకు? ప్రాణం రక్తంలో ఉందని వారి విశ్వాసం. పాపపరిహారార్థబలిలో ఆ రక్తాన్ని తప్పు చేసినవాడి మీద కాక బలిపీఠానికి పూసేవారు. మనుషుల పాపాల వల్ల మైలపడిన పవిత్ర స్థలాన్ని శుద్ధి చేయడమే దీని భావమని లేవీయకాండంపై విస్తృతంగా పరిశోధించిన జేకబ్ మిల్‌గ్రోమ్ వివరించారు.

అన్నింటికంటే ఆసక్తికరమైనది అపరాధపరిహారార్థబలి. నమ్మి దాచిపెట్టిన సొమ్మును కాజేసినా, దొరికిన వస్తువు దొరకలేదని బొంకినా, ముందుగా అసలును, దానికి ఐదో వంతు కలిపి సొంతదారుకు చెల్లించాలి. పొట్టేలును తేవడం ఆ తరువాతి మాట. మనిషి బాకీ తీర్చకుండా దేవుడి దగ్గర లెక్క సరిచేసుకోవడం కుదరదన్నమాట!

ఏడో నెల పదో రోజు ప్రాయశ్చిత్త దినం. ఆనాడు రెండు మేకపోతులపై చీట్లు వేసేవారు. ఒకటి బలి అయ్యేది. రెండోదాని తలపై ప్రధాన యాజకుడు చేతులుంచి, ప్రజల పాపాలను ఒప్పుకుని, దానిని ప్రాణంతోనే అడవికి పంపించేవాడు. ఇతరుల నింద మోసేవాణ్ణి మనం ‘బలిపశువు’ అంటాం. ఇక్కడ పాపభారం మోసిన జంతువు మాత్రం బలి కాలేదు!

బలులు మొక్కుబడిగా మారడాన్ని ప్రవక్తలే ఖండించారు. న్యాయం లేని చోట అర్పణలు వ్యర్థమని క్రీ.పూ. 8వ శతాబ్దిలోనే ఆమోసు హెచ్చరించాడు.

క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని ధ్వంసం చేశారు. దానితో బలులు ఆగిపోయాయి. ప్రాయశ్చిత్తం మాత్రం ఆగలేదు. ప్రార్థన, పశ్చాత్తాపం, దానధర్మాలు బలుల స్థానాన్ని పొందాయి. నేటికీ యూదులు ఆ దినాన ఉపవాసం ఉంటారు.

సుమారు క్రీ.శ. 200లో కూర్చిన మిష్నా అనే ధర్మసంగ్రహంలో ఒక నియమం ఉంది. దేవుడి పట్ల చేసిన తప్పును ఆ దినం పోగొడుతుంది. తోటివాడి పట్ల చేసిన తప్పును మాత్రం, అతణ్ణి సమాధానపరచేదాకా, ఆ దినం కూడా పోగొట్టలేదు. ఐదో వంతు కలిపి చెల్లించమన్న పాత ఆజ్ఞలోని సారం కూడా ఇదే.