జూట్ మిల్లు నేర్పిన ఆరోగ్య పాఠం

సర్వీసులో ఉన్నంతకాలం తెల్లవారుజామున పి.టి., బి.పి.ఇ.టి. పరుగు మనకు తప్పనిసరి. పెన్షన్ వచ్చాక విజిల్ ఊదేవాడు లేడు. రెండేళ్లలో నా బెల్టు మూడు కన్నాలు జరిగింది. రక్తపరీక్షలో షుగరు బయటపడింది. "ఎక్కువేం తినడం లేదండీ, సర్వీసులో తిన్నంతే తింటున్నాను" అని డాక్టరుగారితో వాదించాను. తప్పు ఆ మాటలోనే ఉందని మన కలకత్తా దగ్గరి జూట్ మిల్లు ఒకటి ఎప్పుడో తేల్చింది.

హుగ్లీ ఒడ్డున చెంగైల్‌లోని లడ్లో జూట్ మిల్లులో 213 మంది తిండిని, బరువును, పనిని జాఁ మేయర్ అనే శాస్త్రవేత్త, భారతీయ సహచరులు రాయ్, మిత్రా లెక్కగట్టారు. ఫలితాలు 1956లో అచ్చయ్యాయి. పని పెరిగేకొద్దీ తిండీ పెరిగింది, అది సహజమే. వింత ఏమిటంటే, రోజంతా కూర్చునే దుకాణదారులు, సూపర్‌వైజర్లు కూడా బరువుపని చేసే కూలీలకు తక్కువ కాకుండా తిన్నారు. ఒళ్లు మాత్రం వాళ్లకే పెరిగింది. తేలికపాటి పనివాళ్లు తక్కువ తిని సన్నగా ఉన్నారు. అంటే కదలిక మరీ తగ్గితే ఆకలి దానితోపాటు తగ్గదన్నమాట. హుగ్లీ మిల్లుల్లో మన శ్రీకాకుళం, విశాఖ వైపు కూలీలు ఎందరో చెమటోడ్చారు. వాళ్ల తిండి సరే, వాళ్ల పని మనకేదీ?

లండన్‌లో జెరీ మోరిస్ 1953లో బస్సు సిబ్బందిని పరిశీలించారు. మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే కూర్చుని నడిపే డ్రైవర్లకు గుండెజబ్బు ఎక్కువ. అయితే యూనిఫాం కొలతలు చూస్తే డ్రైవర్ల నడుము ముందునుంచే పెద్దదని 1956లో తేలింది. కాబట్టి నెపమంతా కుర్చీదే అనలేం. తిండి, వంశం కూడా లెక్కలోకి వస్తాయి. ఆ తరువాత జరిగిన ఎన్నో పరిశోధనలు మాత్రం వ్యాయామం మేలునే చెప్పాయి.

ఇక మన దేశం సంగతి. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. సర్వే ప్రకారం మధుమేహం ఉన్నవారు సుమారు 10.1 కోట్లు, పెద్దల్లో 35.5 శాతానికి రక్తపోటు. 2022 నాటికి పెద్దల్లో దాదాపు సగంమందికి చాలినంత వ్యాయామం లేదని మరో అధ్యయనం. 2000లో ఇది 22 శాతమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది వారానికి 150 నిమిషాల చురుకైన నడక. మన పాత పి.టి.తో పోలిస్తే ఇదో లెక్కా? నేను ఇప్పుడు పొద్దున్నే మైదాన్‌లో నడుస్తున్నాను. బెల్టు ఒక కన్నం వెనక్కి వచ్చింది. మాత్ర మానలేదు, మానమని డాక్టరుగారూ అనలేదు. సోదరులారా, విజిల్ ఇక మనమే ఊదుకోవాలి. జై హింద్!