గ్రహణి నుండి ఎంటెరోగ్రఫీ దాకా: చిన్నపేగు చిత్రణ చరిత్ర - ఒక పరిశీలన

1. ప్రవేశిక:

1895 తెలుగువారి వైద్యచరిత్రకు రెండు విధాల గుర్తుండవలసిన సంవత్సరం. ఆ జనవరి 12న భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు జన్మించారు. అదే ఏడాది నవంబరులో జర్మనీలో రాంట్‌జన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నారు. పాతికేళ్ళు గడిచేసరికి సుబ్బారావు కుటుంబం మీద స్ప్రూ వ్యాధి విరుచుకుపడింది. ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాతో మరణించారు. ఆయనకూ అదే జబ్బు సోకింది. అప్పటికి ఎక్స్-కిరణాలు విరిగిన ఎముకను స్పష్టంగా చూపగలవు. కానీ ఈ వ్యాధికి నెలవైన చిన్నపేగు మాత్రం వైద్యుని కంటికి అందలేదు. అది ఎందుకు అందలేదు, ఎలా అందింది, అందినందువల్ల ఏం తేలింది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలించే అంశాలు.

2. పేరులో ఉన్న అవగాహన:

ఆయుర్వేదంలో 'గ్రహణి' అన్న మాట అవయవానికీ, దాని రోగానికీ కూడా పేరు. ఆహారాన్ని పట్టి ఉంచి, పచనమయ్యాక ముందుకు పంపేది గ్రహణి. చరకసంహిత చికిత్సాస్థానంలోని పదిహేనవ అధ్యాయం దీనికే కేటాయించబడింది. ఈ పేరు అవయవ రూపాన్ని కాక, అది చేసే పనిని చెబుతుంది. సుబ్బారావును స్ప్రూ నుండి బయటపడవేసినది డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సే. ఆ తరువాత ఆయన మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులై, అనంతరం అమెరికా వెళ్ళారు.

3. బేరియం యుగం:

చిన్నపేగు సుమారు 6 మీటర్ల పొడవున చుట్టలు చుట్టలుగా, ఒకదానిపై ఒకటి పడి, నిరంతరం కదులుతూ ఉంటుంది. మెత్తని కణజాలం కనుక ఎక్స్-కిరణాలు దానిని విడిగా చూపలేవు. 1890ల చివర హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ జంతువులకు బిస్మత్ కలిపిన ఆహారం పెట్టి జీర్ణమార్గపు కదలికలను గమనించారు. 1910 నుండి నీటిలో కరగని బేరియం సల్ఫేటు వాడుకలోకి వచ్చింది.

1930లలో స్ప్రూ రోగుల పేగులో బేరియం ముక్కలు ముక్కలుగా విడిపోవడం, మడతలు చెరిగి నునుపుగా కనిపించడం గమనించి, వాటిని వ్యాధిలక్షణాలుగా భావించారు. అయితే 1940ల చివరి పరిశోధనలు ఆరోగ్యవంతుల పేగులోనూ ఇటువంటి విభజనను కలిగించవచ్చని చూపాయి. బేరియం ద్రావణపు స్వభావం కూడా ఇందుకు కారణమే. గడ్డకట్టని ద్రావణాలు వచ్చాక ఆ లక్షణం విలువ తగ్గింది. చూసినదంతా రోగం కాదని, కొంత చూసే సాధనపు నీడ అని ఈ ఉదంతం తెలుపుతుంది.

ఇదే కాలంలో సుబ్బారావు మరో దారిన నడిచారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. త్వరలోనే అది స్ప్రూ రోగుల రక్తహీనతకు ఔషధమయింది. తన ఇంటిని చిదిమిన రోగానికి సమాధానంలో ఒక భాగం చిత్రంలో కాక రసాయనంలో దొరికింది.

4. పేగు గోడ కనిపించిన కాలం:

1970లలో డచ్ వైద్యుడు సెల్లింక్ గొట్టం ద్వారా పలుచని బేరియాన్ని నేరుగా చిన్నపేగులోకి పంపే ఎంటెరోక్లైసిస్ పద్ధతికి ప్రాచుర్యం కల్పించారు. పేగు సమంగా ఉబ్బడంతో ఇరుకులు స్పష్టమయ్యాయి. కానీ కనిపించేది లోపలి గీత మాత్రమే. 1971లో తొలి రోగికి సీటీ స్కాన్ జరిగింది. తరువాతి దశాబ్దాలలో రూపొందిన సీటీ, ఎంఆర్ ఎంటెరోగ్రఫీలలో రోగి మానిటాల్ వంటి ద్రవాన్ని తాగుతాడు. పేగు విచ్చుకొని గోడ మందం, రక్తప్రసరణ, చుట్టూ ఉన్న గ్రంథులు కనిపిస్తాయి. ఎంఆర్ పరీక్షలో ఎక్స్-కిరణాల ప్రమేయమే లేదు. 2000లో ప్రకటితమైన క్యాప్సూల్ ఎండోస్కోపీ పేగు లోపలి పొరను చూపింది. అయితే ఇరుకు ఉన్న పేగులో క్యాప్సూల్ చిక్కుకొనే ప్రమాదం ఉంది. అందువల్ల అనుమానమున్న చోట ముందుగా రేడియాలజీ పరీక్ష అవసరమవుతుంది.

5. ముగింపు:

భారతదేశంలో ఈ చిత్రాలకు కఠినమైన పరీక్ష పేగు క్షయ. చిన్నపేగు చివరిభాగంలో క్షయ, క్రోన్స్ వ్యాధి దాదాపు ఒకే రూపంలో కనిపిస్తాయి. క్రోన్స్‌కు వాడే రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు క్షయ రోగికి ఇస్తే ప్రాణాపాయం. కనుక చిత్రం ఒక్కటే తీర్పు చెప్పజాలదు. కణజాల పరీక్ష, చికిత్సకు శరీరం స్పందించే తీరు కూడా తోడు కావాలి. తిరువూరు నుండి విజయవాడ వెళ్ళి స్కాన్ తీయించుకున్న రోగి నివేదికలో తరచు కనిపించే చివరి వాక్యం, రోగలక్షణాలతో సరిపోల్చి చూడవలసిందనే. అది వైద్యుని సంకోచం కాదు, నూరేళ్ళ చరిత్ర నేర్పిన పాఠం. యంత్రం రూపాన్ని చూపుతుంది. గ్రహణి అన్న పాత పేరు పనిని గుర్తుచేస్తుంది. ఈ రెండూ కలిసినప్పుడే రోగనిర్ణయం పూర్తవుతుంది.