యంత్రానికి అక్షరాభ్యాసం

మా తమ్ముడికి బాలానగర్‌లో చిన్న వర్క్‌షాపు ఉంది. ఇనుప ముక్కల్ని కోసి, చెక్కి, తొలిచి పెద్ద కంపెనీలకు పంపిస్తుంటాడు. నెల కిందట శుభలేఖ ఇద్దామని అటు వెళ్లాను. నేను గుమ్మంలో అడుగు పెట్టానో లేదో కరెంటు పోయింది. మరోచోటైతే జనం విసనకర్ర కోసం వెతుక్కుంటారు. అక్కడ మాత్రం ఇరవయ్యేళ్ల కుర్రాడొకడు తల పట్టుకుని, "అయ్యో సార్, ఫైలు ఇంకా మూయలేదు!" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. బి.ఏ. చదివినదాన్ని, ఫైలంటే నాకు తెలిసింది తాడు కట్టి ఆఫీసు బల్ల మీద ఏళ్ల తరబడి నిద్రపోయే కాగితాల కట్ట. మూల స్టూలు మీద కూర్చున్న పెద్దాయన ముప్ఫయ్యేళ్లుగా ఫిట్టరు. ఆయనకు ఫైలంటే చేతిలో ఉన్న ఆకురాయి. కుర్రాడు చెప్పే ఫైలు ఈ రెండూ కాదు. ఒక్క గదిలో ఒక్క మాటకి ముగ్గురం మూడు అర్థాలు చెప్పుకుంటున్నాం!

"యంత్రానికి ఫైలేమిట్రా?" అన్నాను.

"అది చదువుతుందక్కా. రాస్తుంది కూడా" అన్నాడు తమ్ముడు.

వాడు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. పనిముట్టు ఎటు, ఎంత జరగాలో అంకెల్లో రాసిపెట్టిన ఫైలు ఒకటుంటుంది. కంట్రోలర్ అనే పెట్టె దాన్ని ఒక్కో పంక్తీ చదువుకుంటూ మోటార్లను నడిపిస్తుంది. ముక్క తయారయ్యాక సన్నటి ముల్లులాంటిది వచ్చి దాన్ని అక్కడా ఇక్కడా తాకి కొలుస్తుంది. ఆ కొలతను కంట్రోలర్ ఇంకో ఫైల్లో రాసుకుంటుంది. కత్తిపీటలాగే పనిముట్టూ అరుగుతుంది కదా, ఆ రాత చూస్తే ఎంత అరిగిందో తెలుస్తుంది. రాయాలంటే తెరవాలి, రాయాలి, మూయాలి. ఫానుక్ అనే జపాను కంపెనీ కంట్రోలర్లలో తెరవమని చెప్పే ఆజ్ఞ పేరు 'పోపెన్' అట. పోపు పెట్టమన్నట్టుందని నేనంటే కుర్రాడు కూడా నవ్వాడు. రాసినదాన్ని యంత్రం కాసేపు తాత్కాలికంగా దాచుకుని, తర్వాత ఫైల్లోకి దింపుతుంది. మూయకముందే కరెంటు పోతే చివరి పంక్తులు గాలిలో కలిసిపోవచ్చు. కుర్రాడి బెంగ అదీ.

ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. మన పిల్లలు పలక మీద ముందు దిద్దుతారు, చదవడం తర్వాత. యంత్రం ఈ రెండింట్లో ముందు ఏది నేర్చుకుంది? పుస్తకాలు తిరగేస్తే తేలిందేమిటంటే, అది ముందు చదవడమే నేర్చుకుంది. రాయడానికి ఇంకో రెండొందల ఏళ్లు పట్టింది.

ఆ చదువు మొదలైన చోటు మనకి ప్రియమైనదే, పట్టుమగ్గం. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో పువ్వుల పట్టు నేయాలంటే మగ్గం పక్కన ఒక పిల్లవాడు పొద్దస్తమానం తాళ్లు లాగుతూ నిలబడాల్సి వచ్చేది. ఏ పోగు లేవాలో ఆ తాళ్లే చెప్పేవి. 1725లో బసీల్ బూషోన్ అనే ఆయన చిల్లులు పొడిచిన కాగితపు చుట్టతో పోగుల్ని ఎంచే ఉపాయం కనిపెట్టాడు. మూడేళ్లకు ఫాల్కన్ అనే మరొకాయన కాగితం బదులు అట్టలు వాడాడు. 1804లో జోసెఫ్ మరీ జాకార్డ్ ఈ ఉపాయాలన్నీ కూర్చి మన ధర్మవరం దాకా వచ్చిన ఆ యంత్రం చేశాడు. చిల్లున్నచోట సూది దూరి పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అంతే దాని చదువు.

మా అమ్మాయి ఓణీల వేడుకకి చీర కొనడానికి ధర్మవరం వెళ్లినప్పుడు ఆ అట్టలు చూశాను. మగ్గం పైన దండ గుచ్చినట్టు వేలాడుతున్నాయి. ముట్టుకోబోతే నేసే ఆమె వారించింది. "ఇవి తడిసినాయంటే అంచు పోయినట్లే అక్కా" అంది. చిల్లులు ఎవరు పొడిచారని అడిగితే, అట్టలు కొట్టేవాళ్లు వేరే ఉంటారంది. రాసేవాళ్లు ఒకరు, నేసేవాళ్లు ఒకరు. మధ్యలో మగ్గం చదువుతూనే ఉంటుంది గాని, ఈ రోజు ఎన్ని పోగులు తెగాయో, ఆమె నడుము ఎంత నొప్పి పెట్టిందో ఒక్క చిల్లయినా తనంతట తాను పొడవదు.

ఇక అమెరికా. రెండో ప్రపంచ యుద్ధం నాటికి జాన్ పార్సన్స్ అనే ఆయన మిషిగన్‌లో హెలికాప్టర్ రెక్కలు తయారు చేసేవాడు. రెక్క వంపు అచ్చు చెక్కడానికి లెక్కలు కట్టించి అంకెల పట్టిక తయారు చేయించాడు. ఒక మనిషి ఆ అంకెలు పైకి చదివేవాడు. ఇద్దరు మనుషులు మిషనుకి చెరోవైపు నిలబడి, ఒకడు అడ్డంగా, ఒకడు నిలువుగా దాన్ని ఆ అంకె దాకా జరిపేవాళ్లు. అచ్చం మన ఎక్కాల బడి! ఆ చదివే మనిషి పని యంత్రానికే అప్పగిస్తే పోలేదా అనుకున్నాడు పార్సన్స్. అమెరికా వైమానిక దళం డబ్బిచ్చింది. 1952లో ఎం.ఐ.టి. ప్రయోగశాలలో, చిల్లుల కాగితపు టేపు చదువుకుంటూ ఒక మిల్లింగ్ మిషను తనంతట తాను లోహాన్ని చెక్కింది. ఆ మిషను పక్కన దాని బుర్రను బీరువాల నిండా పెట్టాల్సి వచ్చిందట.

కానీ నన్ను పట్టుకున్న కథ ఇది కాదు. అదే రోజుల్లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంకో దారి తొక్కింది. పనితనం తెలిసిన కార్మికుడు మొదటి ముక్కను చేత్తోనే చేస్తాడు. అతని చెయ్యి ఎటు తిరిగితే అటు జరిగిన ప్రతి కదలికనూ అయస్కాంతపు టేపు రాసుకుంటుంది. తర్వాత ఆ టేపే మిషనును నడుపుతుంది. యంత్రం అక్షరాలు దిద్దిందంటే ఇక్కడే, అదీ మనిషి చెయ్యి పట్టుకుని.

మా అత్తగారి ఆవకాయ గుర్తొచ్చింది నాకు. ఉప్పెంత అంటే "చేతికొచ్చినంత" అనేవారు. పక్కన నిలబడి ఆ చేతినే చూసి నేర్చుకోవడం జనరల్ ఎలక్ట్రిక్ పద్ధతి. పుస్తకం చూసి చెంచాలు కొలుచుకోవడం పార్సన్స్ పద్ధతి. చివరికి గెలిచింది పుస్తకమే. కార్మికుడి చేతిలోని పట్టును ఆఫీసు గదికి మార్చుకోవాలని యాజమాన్యాలు కోరుకున్నాయి కాబట్టే అలా జరిగిందని డేవిడ్ నోబుల్ అనే చరిత్రకారుడు 1984లో ఒక పుస్తకమే రాశాడు. విమానం రెక్కల వంపులు ఎంత గొప్ప పనివాడి చేతికీ లొంగవు, అందుకే లెక్కల దారి పట్టారని అనేవాళ్లూ ఉన్నారు. నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. అయితే మొదటిది చెప్పుకోవడానికి సిగ్గేసి రెండోదే గట్టిగా చెప్పుకుని ఉంటారేమో!

ఆ జనరల్ ఎలక్ట్రిక్ ప్రచార విభాగంలో 1947 నుంచి కొన్నేళ్లు కర్ట్ వొన్నెగట్ అనే కుర్ర రచయిత పని చేశాడు. ఉద్యోగం మానేసి రాసిన మొదటి నవల 'ప్లేయర్ పియానో'. అదీ 1952లోనే వచ్చింది. అందులో రూడీ హెర్ట్జ్ అనే లేతు పనివాడున్నాడు. పనిలో అందరికన్నా మొనగాడని ఇంజనీర్లు అతన్నే ఎంచుకుని అతని చేతి కదలికల్ని టేపు మీదకెక్కిస్తారు, తర్వాత బారుకి తీసుకెళ్లి బీరు ఇప్పిస్తారు. ఆ టేపుతో ఎన్నో లేతులు నడుస్తాయి. రూడీకి ఇక పని లేదు. ఏళ్లు గడిచాక ముసలి రూడీ బారులో ఆ ఇంజనీర్లలో ఒకణ్ణి చూసి కోపగించుకోడు, సంబరపడతాడు! ఆయన గౌరవార్థం నాణెం వేసి, మీటలు వాటంతటవే కిందికీ పైకీ ఆడే పియానోను మోగిస్తాడు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్లి ఊరికే నిలబడ్డాను. నేను రచయిత్రినే. అతను కోప్పడినట్టు రాసుంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

వర్క్‌షాపు సంగతి మధ్యలో వదిలేశాను. ఇప్పటి కంట్రోలర్ల చేత కొలతలే కాదు, మిషను ఎన్ని నిమిషాలు ఖాళీగా నిలబడిందో కూడా రాయించవచ్చు. "ఆ ఫైలు ఎవరు చదువుతారు?" అన్నాను. "సారే" అన్నాడు కుర్రాడు, మా తమ్ముడి వైపు చూడకుండా. తమ్ముడు ఫోను చూసుకుంటున్నట్టు నటించాడు.

గంట తర్వాత కరెంటొచ్చింది. ఫైలు తెరిచి చూస్తే చివరి రెండు ముక్కల కొలతలూ లేవు. కుర్రాడి ముఖం వాడిపోయింది. పెద్దాయన స్టూలు దిగి, ఆ రెండు ముక్కలనూ గుడ్డతో తుడిచి, అంచుల మీద బొటనవేలు పోనిచ్చి, మైక్రోమీటరు బిగించాడు.

"రాసుకోరా" అన్నాడు.

కుర్రాడు చొక్కా జేబులోంచి పెన్ను తీసి కాగితం కోసం చూస్తుంటే, నా చేతిలోని శుభలేఖ కవరు అందించాను. పెద్దాయన అంకెలు పైకి చదువుతున్నాడు, వాడు ఒక్కొక్కటే దాని మీద రాసుకుంటున్నాడు.