ఆదోని మన్నులో మోగేదేంది?

మిలిట్రీలో మందుపాతరలు వెతికే మిషను పట్టుకొని తిరిగినవాణ్నని మా ఎమ్మిగనూరులో చానామందికి తెలుసు. అందుకే "పెద్దాయనా, నిధి వెతకను ఆదోని కోట దిక్కు పోవాల, ఏ మిషను కొనమంటావు?" అని పిల్లోళ్లు అడుగుతుంటారు. కోట దిక్కు పోవద్దన్నది మొదటి జవాబు. రెండోది కొంచెం పొడుగు.

ఆదోని చుట్టూ ఉన్న గుండ్ల కొండలను నల్లరాతి వరసలు కోసుకుంటూ పోతాయి. ఆ రాయి అరిగి కలిసిన ఎర్రమన్నులో అయస్కాంతం పెడితే నల్ల ఇసుక మీసాలమాదిరి లేచి అంటుకుంటుంది. లోహాన్ని పసిగట్టే మామూలు మిషను తరంగం పంపి, తిరిగొచ్చేదాన్ని వింటుంది. ఇక్కడ పైసా కంటే ముందు మన్నే పలుకుతుంది. మిషను కింది కాయిల్‌ను ఎత్తి దించుతూ గ్రౌండ్ బ్యాలెన్స్ చేసుకుంటే కొంత సద్దుమణుగుతుంది గానీ, పక్కనున్న నల్లరేగడిలోకి పోతే మళ్లా మొదటికే. వానకు తడిసిన చౌడు ఇంకో రకం గోల. పల్స్ ఇండక్షన్ మిషనుకు ఈ మన్ను పెద్ద అడ్డం కాదు, లోతు కూడా చూస్తుంది. అయితే లాడం మేకునూ వెండి రూపాయినీ సరిగ్గా వేరు చేయలేదు. కోట ఉన్నచోట మేకులకేం కరువు? మామూలు మిషనులో ఇనుము సప్పుడే వద్దని మీట నొక్కితే ఫిరంగి గుండూ పోతుంది. నేనైతే చిన్న కాయిలే కొంటా. ఒక్కసారి చూసే మన్ను తక్కువ, గోలా తక్కువ. ఇక చెయ్యి నిదానంగా ఆడాల.

అసలు ఆ కోటలో ఏం మిగిలుంటుందని? 1568లో బీజాపూరు సుల్తాను విజయనగరం వాళ్ల నుంచి గుంజుకున్నాడు. 1688లో సిద్ది మసూద్ ఖాన్ దాన్ని ఔరంగజేబు సైన్యానికి అప్పజెప్పినాడు. మొగలులు ఇంతియాజ్‌గఢ్ అని పేరు మార్చి, ఆ పేరుతోనే నాణేలు కొట్టించినారు. తర్వాత ఆదోనిని ఏలిన నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ 1782లో చనిపోయినాడు. నాలుగేళ్లకు టిప్పు వచ్చి నెల రోజులు ముట్టడించి, గోడలు పడగొట్టించి, ఫిరంగులూ సామానూ తోలుకుపోయినాడు. 1800లో కుంపిణీవాళ్లు. కోట ఇన్ని చేతులు మారిందంటే అన్నిసార్లు ఊడ్చినారనే లెక్క. ఏమన్నా మిగిలుంటే దండు వస్తోందని భయపడి రైతో షావుకారో చేన్లో పాతిన ముంతే.

అయినా ఆశ చావదు. 2017 డిసెంబరులో తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో నిధి కోసం సర్కారే తవ్వించింది. ఎముకలూ ఇటుకలూ బయటపడినాయి, నిధి మాత్రం రాలేదు. అదే తుగ్గలిలో, జొన్నగిరిలో తొలకరి పడినాక జనం చేన్లల్లో తల వంచుకొని వజ్రాలు ఏరుతారు. వజ్రం లోహం కాదు, లక్ష రూపాయల మిషను తెచ్చినా దాని మీద మోగదు. ఎర్రగుడి గుండ్ల మీద అశోకుని శాసనాలూ అంతే. 1920ల చివర ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటబడేదాకా రెండువేల ఏళ్లకు పైగా ఎండకు ఎండుతూ బయటనే ఉన్నాయి. శాసనం కనబడితే నిధికి గుర్తనుకొని రాయి పగలగొట్టే మూర్ఖులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

చట్టం సంగతీ చెప్తా. భూమిలో దాచిన సొమ్ము పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు రాసియ్యాలని 1878లోనే పెట్టినారు. పాతినోళ్ల తరఫున ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినోనికి ముప్పావు, భూమి గలాయనకు పావు. సర్కారుకే కావాలంటే లోహం ఖరీదుకు ఐదో వంతు కలిపిచ్చి తీసుకుంటుంది. ఈ లెక్క వినంగానే పిల్లోళ్లల్లో సగంమంది లేస్తారు. కూర్చున్నోళ్లకు చెప్పేది ఇంతే: సొంత చేన్లో, దున్నినాక తిప్పుకోండి. ముంత తగిలితే కదిలించొద్దు, తహసీల్దారుకు చెప్పండి. అది ఎంత లోతులో, దేని పక్కన ఉందో పురావస్తు శాఖవాళ్లు చూడాల. గుంజి బయట పెట్టినాక ఆ సంగతి ఎవరూ చెప్పలేరు.